కారుకూ ఒక టీసీ

పిల్లలూ, టీసీ అంటే ఏమిటో మీకు ఎవరూ చెప్పనక్కరలేదు. మార్చి నెల వస్తే చాలు, ఇంట్లో "ఆర్డర్లు వచ్చాయా?" అన్న మాట మొదలవుతుంది. అట్టపెట్టెల మీద స్కెచ్ పెన్నుతో 'వంటిల్లు', 'పుస్తకాలు', 'పగిలేవి' అని రాయడం, కొత్త స్కూల్లో మొదటి రోజు ఏ బెంచీలో కూర్చోవాలో తెలియక తలుపు దగ్గర నిలబడటం, ఇవన్నీ మీకూ తెలుసు, మాకూ తెలుసు. ఉద్యోగంలో చేరాక నాలుగు రాష్ట్రాలు తిరిగి, ఐదో చోటుగా మేము హౌరా వచ్చాం. ఇక్కడికి వచ్చాకే మాకు ఒక సంగతి తెలిసింది. రాష్ట్రం మారే కారుకు కూడా టీసీ కావాలి. పాత ఊరి రవాణా కార్యాలయం ఇచ్చే ఆ కాగితాన్ని ఎన్‌ఓసీ అంటారు. దానికి 28వ నంబరు ఫారం నింపాలి. కొత్త రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంటే అక్కడి నంబరు తీసుకోవాలి. మన స్కూలు రిజిస్టరులో కొత్త అడ్మిషన్ నంబరు వేసినట్టే.

ఈ సంగతి మాకు చెప్పినవారు సాంత్రాగాఛీలో మా పక్కింటి మావయ్యగారు. శ్రీకాకుళం జిల్లావారు. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. ఖరగ్‌పూర్‌లోనూ, ఇక్కడి రైల్వే కాలనీల్లోనూ మనవాళ్లు తరతరాలుగా ఉన్నారని మీలో కొందరికి తెలిసే ఉంటుంది. పాత బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచి వచ్చినవాళ్ల మనవలు, ముని మనవలు. మావయ్యగారి ఇంటి ముందు రేకుల షెడ్డులో ఒక కారు ఉంది. 1964 నాటి స్టాండర్డ్ హెరాల్డ్. రెండే తలుపులు. లేత నీలం రంగు, అక్కడక్కడ రంగు కింద ఇంకో రంగు. మా బాబు దాన్ని మొదటిసారి చూసి "బొమ్మ కారా?" అన్నాడు. ఆ ఆదివారం నుంచి రెండేళ్లుగా మా ఆదివారాలు ఆ షెడ్డులోనే గడుస్తున్నాయి.

ముందు కారు పుట్టుక గురించి చెప్పుకుందాం. ఇంగ్లండులోని కోవెంట్రీలో స్టాండర్డ్ ట్రయంఫ్ కంపెనీ 1959లో ట్రయంఫ్ హెరాల్డ్ అనే కారు తెచ్చింది. గీసినవాడు ఇటలీలోని ట్యూరిన్ వాసి జొవాన్ని మికెలొత్తి. మొదట్లో రెండు రకాలుగా వచ్చింది, ఒకటి సెలూన్, రెండోది కూపే. కూపే అన్న మాట రైల్లో ఫస్ట్ ఏసీ ఎక్కినవాళ్లకు తెలుసు. నాలుగు బెర్తులున్నది క్యాబిన్, రెండు బెర్తులున్నది కూపే. ఫ్రెంచి భాషలో ఆ మాటకు 'కోసినది' అని అర్థం. పెద్ద గుర్రపు బగ్గీని వెనక భాగం కోసేసి ఇద్దరికి సరిపోయేలా చేస్తే అది కూపే. తర్వాత ఆ పేరు రైలు పెట్టెలోకి వచ్చింది, కారులోకీ వచ్చింది. అందుకే రెండు తలుపులు, వెనక్కి వాలిన పొట్టి కప్పు ఉన్న కారును కూపే అంటాం.

ఈ హెరాల్డ్‌నే మద్రాసు దగ్గర వండలూరులో స్టాండర్డ్ మోటార్ ప్రోడక్ట్స్ ఆఫ్ ఇండియా కంపెనీ 1961 నుంచి తయారు చేసింది. మన దేశంలో దాని పేరు స్టాండర్డ్ హెరాల్డ్. ఆ రోజుల్లో మన రోడ్ల మీద ఉన్నవి ముఖ్యంగా మూడే కార్లు. మన పక్కనే హుగ్లీ జిల్లా ఉత్తరపారాలో తయారైన అంబాసిడర్, బొంబాయి ఫియట్, ఈ మద్రాసు హెరాల్డ్. మొదటి రెండూ నాలుగు తలుపుల కుటుంబ కార్లు. హెరాల్డ్ రెండు తలుపులతో, కాస్త కొంటెగా ఉండేది. మావయ్యగారిది నిజానికి కూపే కాదు, రెండు తలుపుల సెలూన్. అయినా ఆ కాలపు కుర్రవాళ్లకు అందుబాటులో ఉన్న స్పోర్ట్స్ కారు అంటే అదే. దీని చాసిస్‌నే పొట్టి చేసి కోవెంట్రీవాళ్లు 1962లో స్పిట్‌ఫైర్ అనే అసలు స్పోర్ట్స్ కారు చేశారు కూడా.

దీని ఇంజిన్ 948 సీసీ. నలభై హార్స్‌పవర్ కూడా లేదు. మరి ఇందులో అంత సరదా ఏముంది? బానెట్ ఎత్తి చూడండి, తెలుస్తుంది. మామూలు కార్లలో రేకు మూత ఒక్కటే లేస్తుంది. హెరాల్డ్‌లో దీపాలు, మడ్‌గార్డులతో సహా ముందు భాగం మొత్తం ముందుకు పడుకుంటుంది, మొసలి నోరు తెరిచినట్టు. ఇంజిన్, స్టీరింగు, స్ప్రింగులు, ముందు చక్రాలు అన్నీ కళ్లెదుటే. టైరు మీద కూర్చుని పని చేసుకోవచ్చు. మా బాబు కూర్చునేది అక్కడే. ఇప్పటి కార్లలో బానెట్ తెరిస్తే నల్ల ప్లాస్టిక్ మూత కనిపిస్తుంది, దాని మీద కంపెనీ పేరు ఉంటుంది, అంతే.

ఇంకో విశేషం, ఈ కారు శరీరం ముక్కలు ముక్కలుగా బోల్టులతో చాసిస్‌కు బిగించి ఉంటుంది. దానికీ ఒక కారణం ఉంది. అప్పట్లో కోవెంట్రీవాళ్లకు కారు బాడీలు చేసిపెట్టే కంపెనీని పోటీ కంపెనీ కొనేసింది. దాంతో వాళ్లు చిన్న చిన్న భాగాలు వేరువేరు చోట్ల చేయించి, ఉక్కు చాసిస్ మీద కలిపి బిగించే పద్ధతి ఎంచుకున్నారు. ఆనాటి ఆ ఇబ్బంది ఇవాళ మావయ్యగారికి వరమైంది. తుప్పు పట్టిన ముక్కను విప్పి బాగుచేసి మళ్లీ బిగించవచ్చు. హౌరాలో ఆ పని ఏటేటా ఉండేదే. ఇక్కడి వానాకాలం సంగతి మీకు తెలుసు, ఉతికిన యూనిఫారం మూడు రోజులైనా ఆరదు. బట్టలే ఆరనప్పుడు, చాసిస్ గొట్టాల లోపల చేరిన తడి ఎప్పుడు ఆరుతుంది? అందుకని జూన్ రాకముందే కారు కింద నీళ్లు పోయే చిన్న కన్నాలన్నీ సన్నటి తీగతో పొడిచి శుభ్రం చేస్తాం. గొట్టాల లోపల కరిగించిన మైనం లాంటి మందు కొడతాం. ఈ పనికి చిన్న చేతులు కావాలి కాబట్టి దాన్ని మా బాబుకు వదిలేశాం.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాం. పోయిన చలికాలంలో ఒక రోజు స్టీరింగు బరువుగా తిరుగుతోందని మావయ్యగారు అన్నారు. జనవరిలో కోల్‌కతాలో పాత కార్ల ర్యాలీ ఉంటుంది. 'స్టేట్స్‌మన్' పత్రిక ఎన్నో దశాబ్దాలుగా నడుపుతున్నది. అందులో పాల్గొనే కార్లను చూడటానికి మా బాబును ముందు సీటులో కూర్చోబెట్టుకుని విద్యాసాగర్ సేతు మీదుగా వెళ్లాలని ఆయన ప్లాను. వారం ముందు మామూలుగా ఓసారి చూసుకుందాం అని ముందు చక్రాలు విప్పారు.

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. హెరాల్డ్ ముందు చక్రం ఒక నిలువు ఉక్కు కడ్డీకి తగిలించి ఉంటుంది. ఆ కడ్డీ అడుగు భాగంలో మరచుట్లు ఉంటాయి, పెద్ద బోల్టులా. ఆ మర కింద ఉన్న ఒక కంచు దిమ్మలోకి దిగుతుంది. ఆ దిమ్మ పేరు ట్రనియన్. దీనికి మన భాషలో మాట లేదు. ఎడ్లబండిలో ఇరుసుకు కడచీల ఎలాంటిదో, ఈ కారు ముందు చక్రానికి ట్రనియన్ అలాంటిదనుకోండి. అది ఊడితే చక్రం నిలబడదు. మీరు స్టీరింగు తిప్పినప్పుడు ఆ కడ్డీ కంచు దిమ్మలో మర తిరిగినట్టే అటూ ఇటూ తిరుగుతుంది. కారు ముందు భాగం బరువు మోస్తూనే తిరగాలి.

ఉక్కు కడ్డీకి కంచు దిమ్మ ఎందుకు? రెండూ ఉక్కే అయితే ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి. కంచు మెత్తన, ఉక్కు మీద సాఫీగా జారుతుంది, అరిగితే అదే అరుగుతుంది. కడ్డీ ఖరీదైనది, దిమ్మ చవకది. అరగవలసినది చవకదాన్నే అన్నది ఇందులో తెలివి. ఇంకో తెలివి ఉంది. ఒక పక్క చక్రానికి మర కుడివైపు తిరుగుతుంది, రెండో పక్కదానికి ఎడమవైపు తిరుగుతుంది. అద్దంలో బొమ్మల్లా. ఒకదాని స్థానంలో ఇంకోటి పెట్టడం కుదరదు.

ఈ మరచుట్లకు నూనె పోయాలి. గ్రీజు కాదు, నూనె. గేరు పెట్టెలో పోసే చిక్కటి తొంభై నంబరు నూనె. కంపెనీ పుస్తకంలోనూ అలాగే ఉంది. కంచుకు పడని రసాయనాలు కొన్ని నూనెల్లో ఉంటాయి కాబట్టి డబ్బా మీద జీఎల్-4 అని చూసి కొంటారు మావయ్యగారు. "కందెన వేయని బండికి కావలసినంత సంగీతం" అని మన సామెత. ఈ కారు విషయంలో ఆ సామెత సగమే నిజం. కందెన వేసినా, తప్పు కందెన వేస్తే సంగీతం కూడా వినిపించదు. అదే ప్రమాదం. గ్రీజు గట్టిది, మరల అడుగుదాకా దిగదు. పైన ఎండి బిరడాలా కూర్చుంటుంది. కింద నీరు చేరుతుంది. ఉక్కు మర అడుగున, బయటికి కనబడని చోట, తుప్పు మొదలవుతుంది.

చాలా ఏళ్ల కిందట ఏదో షెడ్డులో ఎవరో మంచి ఉద్దేశంతోనే నూనె రంధ్రానికి గ్రీజు నిప్పిల్ బిగించి, గ్రీజు కొట్టారు. తర్వాతివాళ్లందరూ నిప్పిల్ ఉంది కదా అని గ్రీజే కొడుతూ పోయారు. మావయ్యగారు ఈ కారు కొన్నాక ఎడమ పక్కది మార్చారు, కుడి పక్కది బాగానే ఉందనుకుని వదిలేశారు. ఇప్పుడు కుడి కడ్డీ బయటికి తీస్తే నల్లటి గ్రీజు బంకతో పాటు తుప్పు పొడి రాలింది.

ఆయన ఏమీ మాట్లాడలేదు. లోపలికి వెళ్లి మూడు స్ప్రే డబ్బాలు తెచ్చారు. రైల్వేలో ఇనుములో పగుళ్లు కనిపెట్టడానికి వాడే పద్ధతుల్లో ఇదొకటి. చాలా సులువు. ముందు లోహాన్ని సాల్వెంటుతో శుభ్రంగా కడగాలి. తర్వాత ఎర్ర రంగు కొట్టి ఓ పదినిమిషాలు వదిలెయ్యాలి. పైన కనిపించే రంగంతా గుడ్డతో తుడిచెయ్యాలి. ఆఖర్న తెల్లటి పొడి లాంటి మందు కొట్టాలి. లోహంలో ఎక్కడైనా వెంట్రుక వాసి పగులు ఉంటే ఎర్ర రంగు అప్పటికే అందులోకి పాకి ఉంటుంది. తెల్ల పొడి దాన్ని మళ్లీ బయటికి పీల్చుకుంటుంది. దీపం వత్తి నూనెను పైకి లాగినట్టే. మీ సైన్సు పుస్తకంలో కేశనాళికా చర్య అని చదివేది ఇదే.

మేం ముగ్గురం చూస్తూ నిలబడ్డాం. తెల్లగా ఉన్న కడ్డీ మీద, ఆఖరి మరచుట్టు పైన, సన్నటి ఎర్ర గీత మెల్లగా తేలింది. చుట్టుకొలతలో మూడో వంతు దాకా పోయింది. మా బాబు "ఎవరో పెన్నుతో గీసినట్టుంది" అన్నాడు. మావయ్యగారు స్టూలు మీద కూర్చుని "ఏటమ్మా, సేతు మీద విరిగుంటే?" అన్నారు. మేం జవాబు చెప్పలేదు. ముందు సీటులో ఎవరు కూర్చోవలసి ఉందో ముగ్గురికీ తెలుసు. ఆ ఏడు ర్యాలీకి బస్సులో వెళ్లాం.

ఇక కారు బాగుచేయడం. స్టాండర్డ్ కంపెనీ 1980ల చివర్లోనే మూతపడింది. అంబాసిడర్ తయారీ 2014లో ఆగింది. కానీ దాని సామాన్లు ఇప్పటికీ దొరుకుతాయి. హెరాల్డ్‌వి దొరకవు. కోల్‌కతాలో మల్లిక్ బజార్ అని పాత కార్ల సామాన్లకు పేరుపడ్డ చోటు ఉంది. అక్కడికి వెళ్లాం. దుకాణాల ముందు రేడియేటర్లు, గేర్ చక్రాలు, దీపాల చట్రాలు గుట్టలుగా ఉంటాయి. హెరాల్డ్ అనగానే ఒకాయన నవ్వి, "దాదా, ఓమ్నీ ఇంజిన్ పెట్టించెయ్యండి, ముందు చక్రాలకు కూడా వేరే సామాను అమర్చేస్తాం, గొడవ వదులుతుంది" అన్నాడు. ఇలాంటి మార్పులు మన దేశంలో చాలామంది చేయిస్తారు. కానీ ఓమ్నీ ఇంజిన్ 796 సీసీ. బలం ఇంచుమించు హెరాల్డ్‌ది ఎంతో అంతే. దానికోసం కారు కడుపు కోయాలా?

పైగా చట్టం ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషను కాగితంలో కంపెనీవారు రాసినదానికి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఈ మాట గట్టిగా చెప్పింది. ఇంజిన్ మార్చాలంటే రవాణా శాఖ అనుమతి తప్పనిసరి. మావయ్యగారికి ఇంకో లెక్క కూడా ఉంది. హౌరా, కోల్‌కతాల్లో పదిహేనేళ్లు దాటిన బండ్లను తొలగించాలని 2022లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది. ఇలాంటి ముసలి కార్లకు మిగిలిన దారి 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ నియమాలు. యాభై ఏళ్లు దాటిన కారును వింటేజ్ కారుగా నమోదు చేసుకోవచ్చు. కొత్తగా ఇచ్చే నంబరైతే అందులో రాష్ట్రం గుర్తు తర్వాత వీఏ అన్న అక్షరాలు వస్తాయి. రుసుము ఇరవై వేల రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. ఆ కారును రోజూ ఆఫీసుకు, బజారుకు తిప్పకూడదు. ప్రదర్శనకు, ర్యాలీకి, పెట్రోలుకు, మరమ్మతుకు తీసుకెళ్లవచ్చు. ముఖ్యమైన షరతు, చాసిస్, బాడీ, ఇంజిన్ అసలు రూపంలోనే ఉండాలి. ఓమ్నీ ఇంజిన్ పెట్టిన రోజున ఆ తలుపు మూసుకుపోతుంది.

మరి సామాను? దానికి హౌరాయే జవాబు. ఈ ఊరిని ఒకప్పుడు తూర్పు దేశపు షెఫీల్డ్ అనేవారు. షెఫీల్డ్ అంటే ఇంగ్లండులో ఉక్కు పనికి పేరు మోసిన ఊరు. హౌరాలో రైల్వే పనులు, జనపనార మిల్లులు, బర్న్ కంపెనీ కార్ఖానా లాంటి పెద్దవాటిని ఆనుకుని వందల చిన్న ఫౌండ్రీలు, లేత్ షెడ్లు పుట్టాయి. బెలీలియస్ రోడ్డు వెంబడి నడిస్తే ఇప్పటికీ ఒక్కో గదిలో ఒక్కో లేత్ మిషను, తలుపు దగ్గర వంకులు తిరిగిన ఇనుప తురుము. దొరకని సామానును ఇక్కడ కొనరు, చేయిస్తారు.

మావయ్యగారితో పాటు మేమూ వెళ్లాం. పాత కంచు దిమ్మ, ఇంకా ఒక చిన్న నోటు పుస్తకం తీసుకెళ్లాం. టర్నరు పెద్దాయన దిమ్మను అరచేతిలో పెట్టుకుని బరువు చూశాడు. వెర్నియర్ కాలిపర్‌తో లోపలి వ్యాసం, బయటి వ్యాసం, పొడవు కొలిచాడు. పదకొండో తరగతి పిల్లలూ, ప్రాక్టికల్ పరీక్ష అయిపోగానే మీరు మరిచిపోయే ఆ వెర్నియరే ఇది. తర్వాత రంపం పళ్లలాంటి పళ్లున్న రేకులు ఒక్కొక్కటే మర మీద ఆనించి, ఏ రేకు సందు లేకుండా కూర్చుంటుందో చూశాడు. దాన్నే థ్రెడ్ గేజ్ అంటారు. అంగుళానికి ఎన్ని చుట్లో అలా తెలుస్తుంది. అంగుళానికే, మిల్లీమీటరుకు కాదు. ఇది అంగుళాల కాలపు కారు.

ఈ అంగుళాల తేడా చిన్నది కాదు. ఈ కారులో అర అంగుళం నట్లు చాలా ఉన్నాయి. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. ఇంట్లో ఉండే 13 నంబరు స్పానరు దానికి ఇంచుమించు పడుతుంది. ఆ ఇంచుమించే కొంప ముంచేది. రెండు మూడుసార్లు తిప్పాక నట్టు మూలలు అరిగి గుండ్రమవుతాయి. తర్వాత దాన్ని విప్పడం ఎవరి తరం కాదు. మావారు మొదటి నెలలో ఒక నట్టును అలాగే గుండ్రం చేశారు. ఆ నట్టును మావయ్యగారు తీగకు గుచ్చి షెడ్డు గోడకు వేలాడదీశారు. ఇప్పటికీ ఉంది.

కంచు దిమ్మలు రెండూ పది రోజుల్లో తయారయ్యాయి. మొదటిసారి రెండింటికీ కుడి మరే కోశారు. తప్పు మాదే, నోటు పుస్తకంలో ఎడమ మర అని రాయలేదు. ఒకటి మళ్లీ చేయించుకోవలసి వచ్చింది. రెండోసారి టర్నరు గారు దిమ్మ మీద చిన్న గాడి గీసి ఇచ్చాడు, చీకట్లో తడిమినా ఏది ఏదో తెలిసేలా.

పగిలిన ఉక్కు కడ్డీ సంగతి వేరు. దాన్నీ చేసిపెడతామని రెండు షెడ్లవాళ్లు అన్నారు. చాలా చవకగా అన్నారు. మావయ్యగారు ఒప్పుకోలేదు. మాకు మొదట అర్థం కాలేదు, దిమ్మను చేయించినవారు కడ్డీని ఎందుకు చేయించరు? ఆయన చెప్పిన కారణం ఇది. అసలు కడ్డీ ఫోర్జింగు. అంటే ఎర్రగా కాల్చిన ఉక్కును అచ్చులో పెట్టి సుత్తితో అదిమి చేసినది. లోపలి ఉక్కు పీచు కడ్డీ వంపు వెంబడే సాగి ఉంటుంది. తర్వాత దానికి తగిన వేడి చికిత్స చేస్తారు. బజారులో దొరికే మామూలు ఇనుప కమ్మీని లేత్ మీద చెక్కితే ఆకారం వస్తుంది, కొలతలూ వస్తాయి. బలం రాదు. చూడటానికి రెండూ ఒకటే. ఒకటి యాభై ఏళ్లు నిలుస్తుంది, ఇంకోటి ఏ గోతిలోనో విరుగుతుంది. కంచు దిమ్మ అరిగితే చప్పుడు చేసి చెబుతుంది, కడ్డీ విరిగితే చెప్పి విరగదు. కాబట్టి దిమ్మ హౌరాలో, కడ్డీ ఇంగ్లండు నుంచి. అక్కడ ఈ కార్ల అభిమానుల సంఘాలు ఉన్నాయి, కొత్తగా సామాన్లు చేసి అమ్మేవాళ్లున్నారు. కస్టమ్స్ సుంకంతో కలిపి కడ్డీ ఖరీదు మావయ్యగారి పింఛనులో పెద్ద ముక్కే తిన్నది. రావడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ కారు చెక్క దిమ్మల మీద నిలబడి ఉంది.

ఆ ఖాళీలో మిగతా పనులు చేశాం. ఇంజిన్ మార్చకూడదు, చాసిస్ కోయకూడదు అంటే అసలేమీ మార్చకూడదని కాదు. మావయ్యగారి పద్ధతి, మళ్లీ విప్పి పాతది పెట్టగలిగేదైతే పెట్టు. పెట్రోలు గొట్టాలన్నీ మార్చాం. ఇప్పటి పెట్రోలులో ఇరవై శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. అది నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బరును మెత్తబరుస్తుంది. 1964 నాటి రబ్బరుకు ఈ సంగతి తెలియదు కదా. ఇథనాల్‌ను తట్టుకునే గొట్టాలు వేసి, పెట్రోలు పంపులో ఉండే రబ్బరు పొరనూ మార్చాం. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000లో ఆగిపోయింది. ఆ సీసం పాత ఇంజిన్లలో వాల్వులు కూర్చునే చోటును అరగకుండా కాపాడేది. కాబట్టి ఇంజిన్ విప్పినప్పుడు అక్కడ గట్టి ఉక్కు వలయాలు కూర్చోబెట్టించాలి. అది ఇంకా మిగిలి ఉంది. ముందు సీట్లకు బెల్టులు పెట్టాం. పాత క్రాస్‌ప్లై టైర్లు తీసి, చిన్న కార్లకు వచ్చే పదమూడు అంగుళాల రేడియల్ టైర్లు వేశాం. వానలో పట్టు వాటికే ఎక్కువ.

ఒక్కటి మాత్రం మార్చలేదు, వెనక చక్రాల అమరిక. హెరాల్డ్ వెనక ఇరుసు ఒకే కడ్డీ కాదు, మధ్యలో రెండు ముక్కలుగా విరిగి పక్షి రెక్కల్లా పైకీ కిందికీ ఆడుతుంది. గతుకుల్లో సుఖంగా ఉంటుంది. కానీ మలుపులో వేగంగా వెళ్తూ హఠాత్తుగా యాక్సిలరేటరు వదిలితే, వెనక భాగం పైకి లేచి బయటి వైపు చక్రం కిందికి ముడుచుకుంటుంది, కారు తిరగబడే ప్రమాదం ఉంది. ఈ అమరిక మన మెకానిక్కులకూ నచ్చలేదు, కొన్నవాళ్లకూ నచ్చలేదు. అందుకే 1972లో వచ్చిన స్టాండర్డ్ గజెల్ కారులో మామూలు ఒంటి ఇరుసు పెట్టారు. గజెల్ ఇరుసు తెచ్చి బిగించవచ్చు కదా అని మావారు అడిగారు. "మలుపు ముందే నెమ్మదిస్తే సరిపోద్ది కదా బాబూ" అన్నారు మావయ్యగారు. డ్రైవరును మార్చడం చవకని ఆయన ఉద్దేశం. మాకైతే అంత నమ్మకం లేదు. ఆయన తప్ప ఇంకెవరూ ఆ కారు నడపకూడదని మాలో మేము అనుకున్నాం.

కడ్డీ వచ్చింది, బిగించాం. గ్రీజు నిప్పిల్ తీసి పారేసి, నూనె గన్నుతో కొత్త నూనె ఎక్కించాం. మర పై అంచు నుంచి నూనె బొట్టు బయటికి వచ్చేదాకా ఎక్కించాలి. ఆ బొట్టు రావడం మా బాబు చూసి కేక పెట్టాడు. కారు మళ్లీ రోడ్డెక్కింది.

ఇప్పుడు ఇంకో కబురు. మావయ్యగారి అబ్బాయి విశాఖపట్నంలో ఉంటున్నాడు, తండ్రిని ఒంటరిగా ఉంచనంటున్నాడు. వేసవిలో ఆయన వెళ్లిపోతారు. కారు అమ్మేయమని అబ్బాయి అంటున్నాడు. మావయ్యగారు ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. 28వ నంబరు ఫారం మాత్రం తెచ్చుకున్నారు. దానికి ముందు వింటేజ్ నమోదు చేయించాలా, విశాఖ వెళ్లాక చేయించాలా అని రవాణా కార్యాలయం చుట్టూ తిరుగుతున్నారు. మా ఆర్డర్లూ ఈ ఏడే రావచ్చు. అప్పుడు ఆ షెడ్డులో ఎవరుంటారో తెలియదు.

అందుకని పోయిన ఆదివారం ఆయన మాకు ఒక పని అప్పగించారు. రెండేళ్ల నోటు పుస్తకంలో కొలతలు బెంగాలీ, ఇంగ్లీషు, తెలుగు కలిసి, గ్రీజు మరకలతో ఉన్నాయి. "టీచరమ్మా, నీ దస్తూరీ బాగుంటది, తెల్లకాగితం మీద రాసిపెట్టు. రేపు ఎవరి సేతికెళ్లినా అర్థమవాలి" అన్నారు. మేము కొత్త పుస్తకం కొని ఎడమ పేజీలో తెలుగు, కుడి పేజీలో ఇంగ్లీషు రాస్తున్నాం. బెంగాలీ రాయడానికి మా ఎనిమిదో తరగతి పిల్ల ఒకమ్మాయి ఒప్పుకుంది. మొదటి పేజీలో ఏం రాయాలని అడిగితే ఆయన ఆలోచించకుండా చెప్పారు. ముందు చక్రాల కింద నూనె, గ్రీజు కాదు. గాడి ఉన్న దిమ్మది ఎడమ మర. ఆ రెండు వాక్యాల కింద మా బాబు ఎర్ర పెన్నుతో గీత గీశాడు.